మామిడి కొత్తను వెనక్కి నెట్టిన నెల

ఈ ఏడు గోడ క్యాలెండరు తిరగేస్తుంటే ఒక నెల పేరు ముందు ‘అధిక’ అని కనబడింది. ఇన్నేళ్లయినా నాకు ఒళ్లు మండింది. ఫిబ్రవరి పాపం మర్యాదస్తురాలు. నాలుగేళ్లకోసారి ఒక్క రోజు ఎక్కువుండి, ఎవరినీ నొప్పించకుండా వెళ్లిపోతుంది. చందమామ అలా కాదు. ఏటా సూర్యుడికంటే పదకొండు రోజులు ముందే పరిగెత్తి, మూడేళ్లకోసారి సూర్యుడు వచ్చి కలిసేదాకా నెల్లాళ్లు చతికిలబడతాడు. ఎక్కడ చతికిలబడినా నాకు పేచీ లేదు గానీ, నేను ఐదో తరగతి చదివిన ఏడు సరిగ్గా మామిడి కొత్తకి ముందు కూర్చున్నాడు.

అరకు కొండల్లోని మా ఊళ్లో, మామిడి కొత్త పండగ చేసి తొలికాయ పెద్దలకి పెట్టందే ఎవరూ మామిడి నోట పెట్టకూడదు. మామూలుగా అది వేసవి సెలవుల్లోనే వచ్చేది. ఆ ఏడు నెల పెరిగి, పండగ బడి తెరిచాక పడింది. చెట్లు మాత్రం క్యాలెండరు చదవలేదు. గాలివానకి టపటపా రాలిన కాయల సొన వాసన, తాగుతున్న చోడంబలిలోకి కూడా దూరిపోతుంటే, గౌను జేబులో ఉప్పూకారం పొట్లం పెట్టుకుని, మెడ పట్టేసేదాకా కొమ్మల కింద తిరిగేదాన్ని. ముట్టుకోకుండా దూరాన ఉన్న బడి హాస్టలుకి పోతే ఆ ఏడు నాకు మామిడే లేదు.

మా ఊరికి పండగ రోజు చూసి చెప్పే దిసారి తాత దగ్గరికి రాయబారం వెళ్లాను.

"తాతా, ఈ ఒక్కేడు ఆ నెల తీసీయకూడదేటి?"

"ఏటే గుంటా, సందమామని నాను తోలుతున్నానేటి? ఇలగ తీసుకుంటా పోతే, పండగొచ్చీసరికి సెట్టుకి పూతే ఉంటాది. పూత తింటావా?"

"తింటాను."

అధికమాసంలో అధికప్రసంగం! పక్కనే ఉన్న నాయనమ్మ చెవి మెలేసి ఇంటికి లాక్కొచ్చింది.

బడి తెరిచారు. హాస్టలు బస్సెక్కి వెక్కి వెక్కి ఏడ్చాను. మామిడికాయ కోసమంటే పరువు పోతుందని, నాయనమ్మ మీద బెంగ అని చెప్పాను.

దసరా సెలవులకి వచ్చీరాగానే, "కొత్తకి ఎన్ని కాయలు తిన్నావు?" అని నాయనమ్మని ఉక్రోషంగా అడిగాను. చోడిపిండి జల్లిస్తూ తలెత్తకుండానే కసిరింది.

"తిన్నానేటి? పెద్దలకెట్టినాను, అందరికీ పంచినాను. నువ్వు తిననేదని నాకు గొంతు దిగితేనా! నీ పున్నేన ఈ ఏడు నాకూ కొత్త నేదు."

ఆ మాట విని ఏం చెయ్యాలో తెలియక, ఆవిడ చేతిలో జల్లెడ లాక్కుని పిండంతా నేలపాలు చేశాను. మళ్లీ తిట్లు తిన్నాను.

ఇప్పుడు నాయనమ్మ లేదు, దిసారి తాతా లేడు. మొన్న ఊళ్లో ఉన్న మేనల్లుడికి ఫోన్ చేసి, "నెల ఎక్కువొచ్చింది కదరా, మామిడి కొత్త ఎప్పుడు?" అని అడిగాను.

"ఎప్పుడైతే ఏటత్తా? సంతకి కాయలొచ్చినాయి, మేం ఎప్పుడో తినీసినాం. నువ్వూ బేగి తినీ, రేటు పెరిగిపోద్ది" అన్నాడు.

అధికమాసం ఇప్పటికీ వస్తూనే ఉంది. దానివల్ల ఎవరికీ ఏదీ ఆలస్యం కావడం లేదు.