సూది వేసిన చోట ఉప్పు మూట

మంగళవారం, పొద్దున పదీ ఇరవై. నా భార్యకు వనపర్తి దవాఖానలో సూది వేయించుకొచ్చిన మర్నాడు. వీపనగండ్లలో మా ఇంటి అరుగు మీద ఆమె ఒక పక్కకు ఒరిగి కూర్చుంది. సూది దిగిన పిరుదు గట్టిపడి, కాలు కింద పెట్టనీయడం లేదు.

ఆమె పేగులో గడ్డ ఉండేది. దానివల్ల మొహం ఉన్నట్టుండి ఎర్రబడేది, రోజుకు పదిసార్లు విరేచనాలయ్యేవి. బస్సెక్కే ధైర్యం లేక రెండేళ్లు ఊరు దాటలేదు. దానికిచ్చే మందు ప్రొటీన్ జాతిదట, మింగితే కడుపే అరిగించుకుంటుందట. అందుకని పిండిలా కనిపించే సన్న గుళికల్లో దాన్ని దాచి కండలోకి ఎక్కిస్తారు. లోపలి కుట్లకు కరిగిపోయే దారం వాడతారు చూడండి, ఆ సరుకుతోనే గుళికలు. అవి నెల పాటు నిదానంగా కరుగుతుంటే మందు కొంచెం కొంచెంగా ఒంట్లోకి వస్తుంది. డాక్టరు ఇదంతా చెప్పి ఒక కాగితం ఇచ్చాడు. రుద్దవద్దు, కాపడం పెట్టవద్దు అని అందులో తెలుగులోనే ఉంది. నేను ఓనమాలు దిద్దింది యాభై దాటాక. కూడబలుక్కుని చదివాను. చదివి జేబులో పెట్టుకున్నాను.

మొదటి సూదికి విరేచనాలు తగ్గి నెలంతా నెమ్మదిగా గడిచింది. ఇది రెండోది. నాలుగో వారం బీచుపల్లి పోయి కృష్ణలో మునగాలని ఆమెకు ఒకటే ఆశ. కుంటుతూ ఎట్లా పోతుందని నాకు తొందర.

ఎద్దుకు సూది వేశాక ఆ చోటు గట్టిగా రుద్దడం మాకు అలవాటు. లేకపోతే మందు పారదని నమ్మకం. మనుషులకైతే ఉప్పు మూట. మా ఇంట్లోనే ఉన్న ఆమె చెల్లెలిని పెనం మీద దొడ్డుప్పు వేడి చేయమన్నాను.

"డాక్టరు వద్దన్నడంటివి గద, బావా?"

"నొప్పి డాక్టరు పడ్తడా? జర జల్ది తే."

మూట ఒత్తి, చుట్టూ రుద్దాను.

"నేనేమన్న నీ ఎద్దునా, గట్ల రుద్దుతవు?" అంది నా భార్య.

"ఎద్దయితే గింత మొత్తుకోదు."

ఆమె నవ్వింది. నొప్పి తగ్గిందని కూడా అంది. మూడు రోజులు పూటపూటా కాచాను.

రెండు వారాలకే విరేచనాలు మళ్లీ మొదలయ్యాయి. దవాఖానకు పోతే డాక్టరు నల్లగా కమిలిన చర్మం చూశాడు.

"వేడికి గుళికలు ముందే కరిగి ఉండొచ్చు. అదేనని ఖాయంగా చెప్పలేను. ఎవరు కాచింది?"

నేను జేబులోని కాగితాన్ని ఇంకా లోపలికి తోసుకున్నాను.

"నేనే సారూ, తెల్వక" అంది మా వెంట వచ్చిన మరదలు.

తర్వాతి సూది పడేలోపే నా భార్య బాగా నీరసించిపోయింది. ఆ సూది పనిచేసింది గానీ బస్సులో కూర్చునే సత్తువ మళ్లీ రాలేదు. ఆ ఎండాకాలంలోనే పోయింది, కృష్ణలో మునగకుండానే.

మొన్న ఇటిక్యాలలో పెళ్లి భోజనాల దగ్గర చుట్టాలావిడ ఒకరు మరదలి ముందే అన్నారు, "అక్కను ఉప్పుతోటి కాల్చింది ఈమెనే" అని. ఆమె తల దించుకుంది. పక్క వరుసలో నేను అన్నం కలుపుకుంటూ కూర్చున్నాను.

చదువు రాని రోజుల్లో చేసిన తప్పయితే అట్లా చెప్పుకుని బతికేవాణ్ణి. నేను చదివి చేశాను. ఆ మంగళవారం అరుగు మీద ఉన్నది ముగ్గురమే: నొప్పితో నా భార్య, వద్దని చెప్పిన ఆమె చెల్లెలు, మూట పట్టుకున్న నేను.