మీ గ్యాంగ్‌ని వెంటబెట్టుకు రండి

నా ఉద్యోగం చెయ్యడం తేలికే, అదేమిటో మనవాళ్ళకి చెప్పడమే కష్టం. ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో ఉంటాం. మా ఆయన చిప్ డిజైన్ ఇంజనీరు. నాకు వర్క్ పర్మిట్ చేతికొచ్చాక, ఇంటికి అరగంట దూరంలో ఉన్న రిజర్వేషన్‌లో ఉద్యోగం దొరికింది. రిజర్వేషన్ అంటే అక్కడి ఆదివాసీ తెగవాళ్ళ సొంత భూమి. వాళ్ళకు వాళ్ళ ప్రభుత్వం, వాళ్ళ పోలీసులు, వాళ్ళ ఆఫీసులు ఉంటాయి. ఆ శుభవార్త తలా ఒక వంటా తెచ్చుకునే ఒక పాట్‌లక్‌లో చెప్పానో లేదో, గుత్తివంకాయ కూర వడ్డించుకుంటున్న ఒక అంకుల్ గరిటె గాల్లోనే ఆపేశారు.

"రిజర్వేషన్‌లో జాబ్ వచ్చిందా? ఇక్కడ కూడా పెట్టేశారా? మావాడికి ఎవరూ చెప్పలేదేంటమ్మా!"

కోటా కాదు అంకుల్, ఊరు అన్నాను. ఎవరి ఊరన్నారు. ఇండియన్స్‌దన్నాను. మనవాళ్ళు ఏకంగా ఊరే కొనేశారా అని ఆయన మొహం వెలిగిపోయింది. ప్లాట్లు ఇంకా ఉన్నాయా, కాలనీ సంఘానికి కట్టే హెచ్‌ఓఏ ఫీజు ఎంత అని కూడా అడిగారు. నాకు ఓపిక తక్కువ, ఆయనకు ఆకలి ఎక్కువ, కాబట్టి విషయం అక్కడితో ఆగిపోయింది. ఆ అంకుల్ ఇప్పటికీ నేను రియల్ ఎస్టేట్‌లో ఉన్నాననే అనుకుంటున్నారు.

అసలు నా పని ఇది. అక్కడి కుర్రకారు గ్యాంగుల్లో చేరి ఒకళ్ళనొకళ్ళు పొడుచుకోకుండా చూడ్డానికి వాళ్ళ ప్రభుత్వం ఒక కార్యక్రమం పెట్టుకుంది. బడివాళ్ళని, పోలీసుల్ని, క్లినిక్ వాళ్ళని, పెద్దవాళ్ళని, పిల్లల్ని ఒకచోట చేర్చడం నా వంతు. ఫోన్లు చెయ్యడం, హాలు బుక్ చెయ్యడం, పోస్టర్లు వెయ్యడం, భోజనం తెప్పించడం. ఇంటర్వ్యూలో మా బాస్, ఆ తెగ ఆవిడే, నీకు ఇలాంటి అనుభవం ఏముందని అడిగింది. తెలుగు సంఘం ఉగాదికి భోజనాలు నడిపానని చెప్పాను. గొడవలేమైనా జరిగాయా అంది. గారెల దగ్గర కొట్టుకున్నారన్నాను. ఎవరు విడదీశారంది. నేనే అన్నాను. ఉద్యోగం ఇచ్చేసింది.

మొదట్లో నేను పెట్టిన మీటింగులు చూస్తే నా మీద నాకే జాలేస్తుంది. "గ్యాంగ్ హింస నివారణ అవగాహన సదస్సు" అని పెద్దక్షరాలతో పోస్టర్ వేసేదాన్ని. ఏ కుర్రాడొస్తాడు దానికి? హింసతో ఏ సంబంధమూ లేని ముసలమ్మలు వచ్చేవాళ్ళు. ఎవరిదో తెలియని కుక్కొకటి వచ్చి ఏసీ కింద పడుకునేది. శ్రోతల్లో చివరిదాకా కదలకుండా కూర్చునేది అదొక్కటే.

ఒక్క సభ కూడా మానని ముసలమ్మ ఒకావిడ ఉండేది. ఊరంతా ఆవిణ్ణి గ్రాండ్‌మా అనేవాళ్ళు, నాకు మాత్రం అమ్మమ్మ అనే నోరొచ్చేది. బింగో పిచ్చి, మన తంబోలా లాంటి ఆట. పేకాటలో మోసం చేసేది, దొరికిపోతే చెవుడు నటించేది. నన్ను చూసిన మొదటి రోజే, "వెనకటికి ఒకాయన మీ ఊరికని బయలుదేరి మా దగ్గరికొచ్చి మమ్మల్ని ఇండియన్సు అన్నాడు. ఇన్నాళ్ళకి అసలు మనిషివి వచ్చావా? బాగా ఆలస్యం చేశావు," అంది. ఆ రోజు నుంచి ఆవిడ లెక్కలో నా పేరు అసలు ఇండియన్.

ఆవిడకి ఇద్దరు కూతుళ్ళు. పెద్ద కూతురి కొడుకునీ, చిన్న కూతురి కూతుర్నీ ఆవిడే పెంచింది. కజిన్సా అని అడిగితే చిరాకు పడింది. "అది ఇంగ్లీషు మాట. మాకు వాళ్ళు అన్నాచెల్లెళ్ళు." మాకూ అంతే, పెద్దమ్మ కొడుకంటే అన్నయ్యే, ఇంకో మాటే లేదు అన్నాను. ఆవిడ సంబరపడి నా ప్లేట్లో ఉన్న కుకీ తీసుకుని తినేసింది.

ఆ అన్న ఎర్ర గ్యాంగులో ఉన్నాడు. ఆ చెల్లెలు నీలం గ్యాంగుతో తిరుగుతోంది. మన దగ్గర పార్టీ కండువాల్లాగే, ఒక రంగువాళ్ళు కనబడితే రెండో రంగువాళ్ళు మీద పడాల్సిందే. అప్పటికే ఆ పిల్ల కారు అద్దాలు ఎవరో పగలగొట్టారు. ఆ కుర్రాడి స్నేహితుడొకడు కత్తిపోటుతో ఆసుపత్రి పాలయ్యాడు. అమ్మమ్మ ఆ మాట నాకు కాఫీ కలుపుకుంటూ చెప్పింది.

"ఆదివారం ఒకళ్ళొస్తే ఇంకొకళ్ళు గడప తొక్కరు. ఏదో ఒకరోజు ఒకళ్ళని పాతిపెడుతుంటే రెండోవాళ్ళు దగ్గరికి కూడా రాలేరు. అది చూడకూడదంటే ఈలోపు నేనైనా పోవాలి, వీళ్ళైనా ఒకచోట అన్నం తినాలి. పోవడం కుదరదు, నాకు బింగో ఉంది."

నవ్వబోయి ఆగిపోయాను. ఆవిడ చెంచాడు చక్కెర కప్పులో కాకుండా బల్ల మీద పోసింది. ఎప్పుడూ ఏదో ఒకటి అని నన్ను ఏడిపించే మనిషి అంత భయంతో బతుకుతోందని నాకప్పటిదాకా తెలీదు.

ఇంక సదస్సులొద్దు, వాలీబాల్ పెడదాం, అన్నం పెడదాం అనుకున్నాను. బాస్ ఆ వారం సెలవులో ఉంది. పోస్టర్ నేనే తయారుచేశాను. పిలుపు బిగుసుకుపోయినట్టు ఉండకూడదు, స్నేహంగా ఉండాలి. మన భాషలో గ్యాంగ్ అంటే ఏముంది? కాలేజీలో క్యాంటీన్ మెట్ల మీద కూర్చున్నది మా గ్యాంగ్. సెడోనా కొండలకి ట్రిప్పేసేది మా గ్యాంగ్. మా వాట్సాప్ గ్రూపు పేరే చాండ్లర్ గ్యాంగ్, అందులో అందరికన్నా ప్రమాదకరమైన మనిషి రోజూ పొద్దున్నే పువ్వుల బొమ్మతో గుడ్‌మార్నింగ్ పెట్టే ఆంటీ. ఆ ఊపులోనే, రంగురంగుల అక్షరాలతో, వాలీబాల్ బొమ్మ కింద ఇంగ్లీషులో రాశాను: మీ గ్యాంగ్ మొత్తాన్ని వెంటబెట్టుకు రండి! భోజనం ఫ్రీ!

పెట్రోల్ బంకులో అంటించాను, బడిలో అంటించాను, ఫేస్‌బుక్‌లో పెట్టాను. అంతవరకూ నా పోస్టర్‌ని కుక్క కూడా చూసి ఎరగదు. ఇది మాత్రం సాయంత్రానికల్లా రిజర్వేషన్ అంతా తిరిగింది. అబ్బో నా రాత ఎంత పట్టేసిందో అని మా ఆయనకి గొప్పలు పోయాను. ఆయన పోస్టర్ చూసి ఫోన్ కిందపెట్టాడు.

"నీ డిపార్ట్‌మెంట్ పేరేంటి?"

"గ్యాంగ్ వయొలెన్స్ ప్రివెన్షన్."

"మరి ఇందులో ఏం రాశావే తల్లీ?"

మళ్ళీ చదివాను. ఈలోపు బాస్ ఫోన్. ఆవిడ చాలా నెమ్మదిగా అంది. "నేను సెలవులో ఉన్నప్పుడు నువ్వు గ్యాంగుల్ని భోజనానికి పిలిచావు. ప్రభుత్వ ముద్రతో. రెండు గ్యాంగుల్నీ, ఒకే హాలుకి." కోరి కొరివితో తల గోక్కోవడం అంటే ఏమిటో నాకప్పుడు తెలిసింది. మా భాషలో ఆ మాటకి అర్థం వేరని వివరించబోయాను. "మీ భాషలో శవాన్ని ఏమంటారో అది కూడా చెప్పు," అంది.

మర్నాడు ఆఫీసులో అత్యవసర సమావేశం. రద్దు చేద్దామని నేనే ముందన్నాను. మూల కుర్చీలో అమ్మమ్మ ఉంది. ఆవిణ్ణెవరూ పిలవలేదు, డోనట్ల వాసనకి వచ్చింది.

"ఈ ఊళ్ళో ప్రతి తలుపు మీదా గ్యాంగులకి ప్రవేశం లేదని రాసుంటుంది. మొదటిసారి ఒక పిచ్చిది రండర్రా అని రాసింది. వస్తామని మా వాడు చెప్పాడు. అదీ వస్తానంది. రద్దు చేస్తే మీ సంగతి చెప్తా," అంది.

పిలిచి పీట వెయ్యనంటే ఎలా అని నాకూ అనిపించింది. బాస్ చివరికి ఒప్పుకుంది. రెండు వైపుల పెద్దవాళ్ళతో ముందే మాట్లాడింది. పోలీసులుంటారు, ఆయుధాలు లోపలికి రావు, ఏ రంగూ లోపలికి రాదు అని షరతులు పెట్టింది.

ఆ రోజు వాళ్ళు నిజంగానే వచ్చారు. రంగులు వద్దన్నారు కాబట్టి తలుపు దగ్గర టోపీలు, చొక్కాలు విప్పించాల్సి వచ్చింది. విప్పించాక ఏం తొడగాలో ఎవరూ ఆలోచించలేదు. ఒంటి నిండా పచ్చబొట్లతో బనియన్ల మీద నిలబడ్డ ఆ జనాన్ని చూసి నేను బల్లల మీది గుడ్డలు లెక్కపెట్టాను. అప్పుడు గుర్తొచ్చింది, ఉగాది వాలంటీర్లకి కొట్టించిన టీషర్టులు నా కారు డిక్కీలోనే పడున్నాయని. పసుపు రంగువి, అన్నీ డబుల్ ఎక్సెల్, వీపు మీద తెలుగులో "భోజనాల కమిటీ" అని.

పావుగంటలో ఎర్ర గ్యాంగూ లేదు, నీలం గ్యాంగూ లేదు. హాలు నిండా భోజనాల కమిటీయే. బక్కవాళ్ళకి అవి మోకాళ్ళు దాటాయి. మెడ మీద పుర్రె పచ్చబొట్టున్న ఒక ఆజానుబాహుడు నా దగ్గరికొచ్చి, వెనకాల ఏం రాసుందని గంభీరంగా అడిగాడు. చెప్పాను. కాసేపు ఆలోచించి, "కమిటీ అంటే మాకు ఓటుంటుందా?" అన్నాడు.

"ఓటుండదు, వడ్డన ఉంటుంది," అన్నాను. "మా దగ్గర కమిటీవాళ్ళు వడ్డించి ఆఖర్న తింటారు."

"మా దగ్గరా పెద్దవాళ్ళే ముందు," అంది అమ్మమ్మ, అప్పటికే ప్లేటు పట్టుకుని. ఎవరెక్కడ నిలబడాలో ఆవిడే తేల్చేసింది. మనవణ్ణి బీన్స్ దగ్గర పెట్టింది, మనవరాల్ని నేను తెచ్చిన పులిహోర దగ్గర పెట్టింది. రెండూ పక్కపక్క గిన్నెలు. వాళ్ళిద్దరూ ఎడమొహం పెడమొహంగా నిలబడ్డారు. వాలీబాల్ భోజనాలయ్యాకే అయినా, రిఫరీగా వచ్చిన పోలీసాయన అప్పుడే నోట్లో ఈల పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు, ఏ పాయింటుకి ఊదాలనుకున్నాడో నాకు తెలీదు.

అమ్మమ్మ వడ్డించుకుంది, తినేసింది, మళ్ళీ లైన్లోకొచ్చింది. మళ్ళీ తింది, మళ్ళీ వచ్చింది. ఆ మనవడు ఇంక ఉండబట్టలేక గరిటె వెనక్కి తీశాడు.

"చాలమ్మమ్మా. డాక్టర్ ఉప్పు తగ్గించమన్నాడు."

"ఉప్పున్నది నీ బీన్స్‌లో," అంది ఆ పిల్ల, వాడి వైపు చూడకుండానే. "రైస్ పెట్టుకోనీ."

"రైస్‌లో లేదా? నువ్వు రుచి చూశావా?"

"నువ్వు చూశావా? అసలు ఆవిడ మాత్రలెప్పుడు తెచ్చిచ్చావు నువ్వు?"

"మొన్న మంగళవారం! నువ్వెక్కడున్నావు?"

గొంతులు పెరిగాయి. బాస్ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. అమ్మమ్మ మాత్రం ఖాళీ ప్లేటుతో ఇద్దరి మధ్యా నిలబడి, ఒకసారి వాడి వైపు, ఒకసారి దాని వైపు చూస్తోంది, బింగోలో ఆఖరి గడి నిండినంత ఆనందంగా. వాళ్ళు మాట్లాడుకుని ఏడాదిపైనే అయిందట. చివరికి అర గరిటె బీన్స్, అర గరిటె పులిహోర అని రాజీ కుదిరింది. పోలీసాయన అప్పుడు ఈల ఊదాడు. ఎందుకో ఎవరూ అడగలేదు.

దాంతో గ్యాంగులు మాయమైపోయాయని చెప్తే అబద్ధమవుతుంది. టీషర్టులు సగం తిరిగి రాలేదు. టోపీలు మాత్రం ఎవరివి వాళ్ళు తీసుకుని, ఏ గుంపుకా గుంపు వెళ్ళిపోయింది. నా మీద ఆఫీసులో కొత్త నియమం వచ్చింది, బాస్ చూడకుండా ఒక్క పోస్టర్ కూడా బయటికి పోకూడదని. నాకు లోపల బెంగగానే ఉంది. వడ్డించారు సరే, వెళ్ళాక ఏమవుతుంది?

ఆదివారం మధ్యాహ్నం ఇండియన్ గ్రోసరీ ముందు కారు పార్క్ చేసి కూర్చున్నాను. అమ్మమ్మ ఫోన్ చేసింది. ఆవిడెప్పుడూ అరిచినట్టే మాట్లాడుతుంది. ఆ రోజు మాటే సరిగ్గా వినబడలేదు.

"ఏమైంది అమ్మమ్మా? వాళ్ళిద్దరూ బాగానే ఉన్నారా?" అని అరిచాను.

"ష్, అరవకు. ఇద్దరూ వచ్చారు. తిన్నారు. వాడు సోఫాలో, అది నేల మీద, ఇక్కడే నిద్రపోతున్నారు. లేపేస్తావు," అంది.

నేను అద్దాలెత్తిన కారులో ఒక్కదాన్నే ఉన్నాను. అయినా కళ్ళు తుడుచుకుని, గొంతు బాగా తగ్గించి, సరే అమ్మమ్మా అన్నాను.