వెనక గోడ దగ్గరి శ్రోత

ఆమదాలవలస స్టేషన్‌లో రైలు దిగే అతిథి వక్తలను యూనివర్సిటీకి తీసుకెళ్లే డ్రైవరు ధనరాజు. వచ్చింది ఇంజనీరైనా, బ్యాంకు పెద్దయినా, పాటలు రాసేవాడైనా, భుజం మీది తువ్వాలుతో సీటు దులిపి తలుపు తీస్తాడు. దారిపొడవునా వాళ్ల కబుర్లకు "అవును బాబూ" అంటాడు తప్ప తన సంగతులు చెప్పడు. తర్వాత హాలు వెనక గోడకు ఆనుకుని ఉపన్యాసం చివరిదాకా వింటాడు.

మొన్న వచ్చిన మానసిక వైద్యుడు మాత్రం దారిలో టీ ఇప్పించి, ఊరూ పాత వృత్తీ రాబట్టి, "సముద్రం పక్క ఊరివాడివి, చేపల వేట ఎందుకు మానేశావు?" అని ఎంతో ఆప్యాయంగా అడిగాడు. ధనరాజు టీ గ్లాసు కింద పెట్టాడు. "మా అన్న నా కళ్ల ముందే అలల్లో పోనాడు బాబూ. అప్పట్నుంచి నీళ్లంటే భయం. ఈ మాట మా ఇంటిదానిక్కూడా సెప్పనేదు." కాసేపటికి అదే మనిషి మైకు ముందు నిలబడి, "నన్ను తీసుకొచ్చిన డ్రైవరు జాలరి. బకెట్లో నీళ్లు చూసినా పారిపోతాడు!" అన్నాడు. హాలంతా గొల్లుమంది. తలలన్నీ వెనక్కి తిరిగాయి. ధనరాజు కూడా నవ్వబోయాడు కానీ పెదవులు కదల్లేదు. తిరిగి స్టేషనుకు వెళ్తున్నప్పుడు మొదటిసారి తనే అడిగాడు, "మా అన్న పోనాడని ఎందుకు సెప్పనేదు బాబూ?"

ఆయన ఫోనులోంచి తలెత్తకుండానే, "అది చెబితే ఎవరు నవ్వుతారయ్యా?" అన్నాడు.