డీజిల్ షెడ్డు మూసిన ఏడాది

దంతెవాడ జిల్లాలోని ఒక ఇనుప ఖనిజం గనికి నేను ఎలక్ట్రికల్ డిప్యూటీ మేనేజరుగా బదిలీ అయి వెళ్లింది ఒక సెప్టెంబరు నెలలో. అప్పటికి నా సర్వీసు ఇంకా ఆరేళ్లుంది. కొండ కింద పంపుహౌసును నడిపే డీజిల్ జనరేటర్లను తీసేసి, గనిలోంచి తవ్విపోసిన మట్టి దిబ్బ మీద సోలార్ ప్లాంటు పెట్టించడం నాకు అప్పగించిన పని.

ఫైలులో ఒక వాక్యం ఉంది: ప్లాంటు మొదలైన రోజుతో జనరేటర్ షెడ్డులోని ఏడుగురు కాంట్రాక్టు కార్మికుల ఒప్పందం ముగుస్తుంది. నేను దాని కింద సంతకం పెట్టాను. ఆ ఏడుగురి మొహాలు అప్పటికి నేను చూడలేదు.

వారం తర్వాత షెడ్డుకు వెళ్లాను. ఇంజన్లకు ఆయిలు పోసే ఆమె పేరు కోసి. పుట్టిల్లు తెలుగు సరిహద్దులోని గొల్లపల్లి వైపు, అందుకే తెలుగు మాట్లాడుతుంది. చేతులు తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చింది.

"ఏంది సారు, ఇంజన్లు పోతే మేం ఏడికి పోవాలె? మా ఊరి పక్కన్నే ఎండతోని కరెంటు తీస్తరంట. ఆ పని మాకు చేతగాదా?"

మర్నాడు జనరల్ మేనేజరును కలిసి, ఆ పని వీళ్లకే ఇవ్వమని అడిగాను. ఆయన నిబంధనలు తప్పని మనిషి. ప్లాంటు ఆపరేటరుకు ఐటీఐ సర్టిఫికెట్ ఉండాలన్నారు. అయితే పరికరాలు సరఫరా చేసే కంపెనీ ఇంజనీరు పరీక్ష పెట్టి, పనికొస్తారని రాసిస్తే సడలించవచ్చు. మూడు నెలల గడువిచ్చి, ఒక్కరు పొరపాటు చేసినా ఈ ఫైలు మళ్లీ తన టేబుల్ మీదికి రాకూడదని చెప్పారు.

రోజూ మధ్యాహ్నం షెడ్డులోనే పాఠం. నేను తెలుగులో చెబితే కోసి గోండీలో అందరికీ చెప్పేది. ఇంజనును ఆపితే కరెంటు ఆగుతుంది. సోలార్ పలక మాత్రం ఎండ ఉన్నంతసేపూ కరెంటు పుట్టిస్తూనే ఉంటుంది. అందుకే స్విచ్ తీశాక కూడా, వైరుకు, అందులో పారే కరెంటును చూపే క్లాంప్ మీటరు తగిలించి సున్నా చూశాకే జాయింటు విప్పాలి. ఆరుగురికి ఇది వంటపట్టింది. అందరిలోకీ పెద్దవాడైన హుంగాకు మాత్రం చూపు తగ్గి, మీటరు మీది అంకెలు ఆనేవి కావు.

పరీక్షకు రాయ్‌పూర్ నుంచి ఇంజనీరు వచ్చాడు. జనరల్ మేనేజరు కూడా దిబ్బ మీదికి వచ్చి నిలబడ్డారు. అక్కడ బిగించిన పలకల వరసల్లో పరీక్ష కోసం కరెంటు పారిస్తున్నారు. కోసి వంతు వచ్చింది. ఇంజనీరు తానే వెళ్లి స్విచ్ తీసి, ఆపేశానని, ఇక జాయింటు విప్పమని హిందీలో చెప్పాడు. ఆమె మీటరు తగిలించి చూసింది. విప్పలేదు.

ఇంజనీరు విసుక్కున్నాడు. తాను పదేళ్లుగా ఇదే పని చేస్తున్నానన్నాడు. కోసి అతనికి మీటరు చూపించి, నా వైపు తిరిగింది.

"కరెంటు ఇంకా పారుతాంది సారు. నేను ఇప్ప."

ఇంజనీరు వెనక్కి వెళ్లి చూసుకున్నాడు. అతను తీసింది పక్క వరస స్విచ్. ఆ జాయింటు విప్పి ఉంటే మంట లేచి ఆమె చేతులు కాలిపోయేవి. తిరిగొచ్చి, తప్పు తనదేనని అందరి ముందూ ఒప్పుకున్నాడు. పనికొస్తుందని మొదటి సంతకం కోసి పేరున్న కాగితం మీదే పెట్టాడు. ఈమెను మా కంపెనీకి పంపుతారా అని జనరల్ మేనేజరును అడిగాడు.

"ఆమె ఇక్కడ కావాలి" అన్నారాయన.

ఆరుగురు నెగ్గారు. హుంగా తప్పాడు. అతని కోసం మరో నోట్ రాసి, పంపుహౌసులో వాల్వులు తిప్పే పని ఇప్పించాను. ప్లాంటు మొదలైన ఉదయం చివరి ఇంజనును ఆపింది అతనే. షెడ్డులో చప్పుడు ఆగింది. దిబ్బ మీద కోసి మెయిన్ స్విచ్ వేసింది. కింద పంపులు తిరిగాయి. షెడ్డు ముందు నిలబడ్డవాళ్లు చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను.

రిటైరయ్యేలోగా మరో రెండు ప్లాంట్లు పెట్టించాను. ఆ రెండింటి టెండర్లలోనూ యంత్రాల జాబితా కన్నా ముందు, అప్పటికే అక్కడ పనిచేస్తున్నవాళ్ల పేర్లు, వాళ్లకు ఇవ్వాల్సిన శిక్షణ రాశాను. ఆ పేజీ టెండరు పిలవకముందే రాయాలి. ముందు రాస్తే కాంట్రాక్టరుకు అది షరతు, తర్వాత రాస్తే వినతిపత్రం అవుతుంది.