ఎలీయాజరు వేలికొస

ఏలూరులో లేత్ మిషను మీద ఇనుము చెక్కే పని చేసే ఎలీయాజరు చివరి కొలత వేలితోనే చూసేవాడు. కొలత పరికరం సరే అన్నా, అంచు మీద వేలు రాసి చూసి, ఆ వేలు ఒప్పుకుంటేనే పని అప్పగించేవాడు. షుగరు ముదిరాక ఆ వేలికొస మొద్దుబారింది. ఆ సంగతి భార్య మణెమ్మకి కూడా చెప్పలేదు.

రెండువేల ఏడులో వట్లూరు వైపు కాలేజీ ఒకదాని నుంచి ప్రసూన అనే లెక్చరర్ జానెడు పీవీసీ పైపు ముక్క తెచ్చింది. కొల్లేటి చేపల చెరువులకి నీళ్లూ గాలీ కలిపి పంపే గొట్టాల మీద ఆమె పరిశోధన. పైపు కొయ్యకుండా లోపల ఎక్కడ నీరుందో, ఎక్కడ గాలుందో కంప్యూటర్లో బొమ్మగా చూడాలి. అందుకు పైపు గోడకి చుట్టూ బెజ్జాలు వేసి పదహారు స్టీలు బిళ్లలు బిగించి, వాటి మధ్య కొద్దిపాటి కరెంటు పంపుతారు. నీటిలో అది సాగుతుంది, గాలి దగ్గర ఆగుతుంది.

"బిళ్ల లోపలి గోడతో సమంగా ఉండాలండీ. కాస్త గుంటపడినా గాలి అందులో ఇరుక్కుంటుంది" అంది ప్రసూన.

"వేలు రాసి ఇస్తానమ్మా."

బిళ్లలన్నీ బిగించి లోపల వేలు రాశాడు. నున్నగానే అనిపించింది. ఇప్పుడతనికి అన్నీ నున్నగానే ఉండేవి.

కాలేజీలో ఎలీయాజరు ఎదుటే పైపు నిండా నీళ్లు వదిలారు. బొమ్మ అంతా నీలంగా రావాలి. గోడ పక్కన ఒకచోట ఎర్రమచ్చ వచ్చింది. అంటే గాలి. నీళ్ల మోటారు ఆపి మళ్లీ వేసినా ఆ మచ్చ కదల్లేదు.

"వైర్లన్నీ మార్చి చూశానండీ. ప్రోగ్రాంలోనే తప్పుందేమో" అంది ప్రసూన.

మచ్చ ఏ బిళ్ల దగ్గరుందో ఎలీయాజరు చూసుకున్నాడు. "ఓసారి పైపు ఇంటికి పట్టుకెళ్తానమ్మా."

ఇంటికొచ్చి మణెమ్మని పిలిచాడు. "ఇందులో వేలు పెట్టి చూడు."

"నా వేలెందుకండీ? ఊరందరికీ నునుపు చెప్పే వేలు మీకుందిగా!"

అతను నవ్వలేదు. ఆమె వేలు పెట్టింది.

"ఇదిగో, ఇక్కడ గుంట. గోరు దిగబడుతోంది. మీకు తెలీట్లేదా?"

అతని చెయ్యి లాక్కుని వేలికొసని గోటితో నొక్కింది. ఇంకా గట్టిగా నొక్కింది. అతను చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"ఎన్నాళ్లనుంచండీ?"

"పోయిన వర్షాల నుంచి."

ఆమె వేలు చెబుతుంటే బిళ్ల సరిచేశాడు. మర్నాడు బొమ్మంతా నీలంగా వచ్చింది.

"పనంటే మీదేనండీ! ఇంకో రెండు పైపులున్నాయి, అవీ మీరే చెయ్యాలి" అంది ప్రసూన.

"ఆ గుంట నేను పెట్టిందేనమ్మా. వేలికి స్పర్శ పోయింది. ఇంకెవరినైనా చూసుకోండి."

ఆ తరువాత అంత నునుపు అక్కర్లేని గేట్లు, చెరువు తూముల తలుపులు మాత్రమే ఒప్పుకున్నాడు. పని అయ్యాక అలవాటు కొద్దీ అంచు వెంట వేలు రాసేవాడు. ఏమీ తెలిసేది కాదు. గుడ్డతో తుడిచి ఇచ్చేసేవాడు.