సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా

వీధిలో అందరూ ఆమెను టైలరమ్మ అనేవారు. మూడో అంతస్తులో ఒక గది, వంటిల్లు, గుమ్మం బయట పది అడుగుల వరండా. అదే కాపురం. భర్త బస్సు డ్రైవరు. పొద్దున వెళితే చీకటి పడ్డాకే రావడం. నాలుగేళ్ల కూతురు చిన్ని ఆ వరండాలోనే ఆడుకునేది. కిందికి వదలాలంటే, వీధిలో బండ్ల జోరుకి తల్లికి గుండె దడ.

ఒక సెలవురోజు ముగ్గురూ ఊరి చివరి మైదానానికి వెళ్లారు. చిన్ని చేయి విడిపించుకుని పరుగు తీసింది. పది అడుగులు పోయి, ఎదురుగా గోడ ఉన్నట్టు ఠక్కున ఆగి వెనక్కి తిరిగింది. మళ్లీ పది, మళ్లీ వెనక్కి. భర్త పకపకా నవ్వాడు. టైలరమ్మకు నవ్వు రాలేదు.

మర్నాడే మునిసిపాలిటీ ఆఫీసుకు వెళ్లింది. వీధివాళ్లంతా సంతకాలు పెడితే పిల్లల ఆటకోసం రోజూ సాయంత్రం రెండు గంటలు వీధిలో బండ్లు ఆపవచ్చని చెప్పి, గుమాస్తా ఒక కాగితం ఇచ్చాడు. అప్పటిదాకా పక్కింటివాళ్లతో కూడా ముక్తసరిగా మాట్లాడే మనిషి, గడప గడపా ఎక్కి దిగింది. అందరూ పెట్టారు, మలుపులో షెడ్డున్న మెకానిక్ తప్ప. బండ్లు రాకపోతే తమ పొయ్యిలో పిల్లి లేవదన్నాడాయన. అందులో అబద్ధమేమీ లేదు. ఆమె కాగితం మడుచుకుని వచ్చేసింది.

వారం తర్వాత ఆయనే చిరిగిన చొక్కా పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. ఆమె కుడుతున్నంతసేపూ గుమ్మంలో నిలబడి, అటూ ఇటూ తిరుగుతున్న చిన్నినే చూశాడు.

"రోజంతా ఇంతేనామ్మా?"

"ఇంతే బాబాయ్."

"ఆ కాగితం ఇలా ఇయ్యి. ఆ రెండు గంటలూ షెడ్డులో ఇంజన్ల పని చూసుకుంటాలే. అడ్డం మాత్రం నేనే పెడతా. మీకెవరికీ తిన్నగా పెట్టడం రాదు."

అనుమతి వచ్చిన రోజు నాలుగింటికి ఆయన పాత డ్రమ్ములు రెండు దొర్లించుకొచ్చి, మధ్య వెదురుగడ కట్టాడు. కాసేపు వీధి బోసిగా ఉంది. తర్వాత ఒక్కొక్క తలుపే తెరుచుకుంది. టైలరమ్మ మెట్టుమీద కూర్చుని గుండీలు కుడుతూ తలెత్తేసరికి చిన్ని కనబడలేదు. ఆమెకు పైప్రాణాలు పైనే పోయాయి. ఇంతలో ఎదురు వరసలోంచి ఒక ముసలావిడ కేకేసింది.

"ఇక్కడే ఉందమ్మా. మీ చిన్నికి దాహమేసిందట, నీళ్లిచ్చాను."

ఆవిడతో సంతకం పెట్టించుకోవడమే తప్ప టైలరమ్మకు వేరే పరిచయం లేదు. అయినా బిడ్డ పేరు ఆవిడ నోట సొంత మనవరాలి పేరులా పలికింది. వీధి దాటి వెళ్లి, గ్లాసు తిరిగిస్తూ ఆవిడ చేతులు పట్టుకుంది.

ఈ ఊళ్లో తమకెవరూ లేరని ఇన్నేళ్లూ అనుకున్నందుకు సిగ్గేసిందని, తర్వాత భర్తతో చెప్పుకుంది.