తీజ్ బుట్టలో యూరియా

హరిలాల్ మామ పందెం కట్టనిది తన చావు మీద ఒక్కటే. అది కూడా గెలిస్తే పైసలు ఎవరు తెచ్చిస్తారో తేలక.

అశ్వారావుపేట పక్కన మా తండా. పామాయిల్ గెలలు తోట నుంచి మిల్లుకు తోలడం మామ పని. ట్రాక్టర్ అహ్మద్ పాషాది, స్టీరింగ్ మామది. సీజన్‌లో మిల్లు గేటు ముందు ట్రాక్టర్లు బారులు తీరుతాయి. కదలని క్యూలో డ్రైవర్లు ఏం చేస్తారు? చాయ్ తాగుతారు, మిల్లును తిడతారు, పందేలు కడతారు. వాన వస్తుందా, బస్సు ఆగుతుందా, గేటు దగ్గరి కుక్క ముందుగా ఎవరి టైరు తడుపుతుంది. కుక్క విషయంలో మామను కొట్టినవాడు లేడు. కూతురు సంగీత పుట్టిన రోజున కూడా ఆడపిల్లేనని దవాఖానా వాచ్‌మన్‌తో చాయ్ పందెం కట్టి గెలిచాడు. బిడ్డ కన్నా ముందు చాయ్ అందుకున్నాడని సోమ్లి అత్త ఇప్పటికీ దెప్పుతుంది.

ఫోన్‌లోకి క్రికెట్ బెట్టింగ్ వచ్చాక చాయ్ పందేలు చిన్నబోయాయి. ఎవరు ఎవరితో ఆడుతున్నారో తెలియని మ్యాచ్‌ల మీద కూడా మామ కట్టాడు. అత్త వెండి కడియాలు, మేకలు, ఇంటి మీద వేయాల్సిన రేకులు అన్నీ అందులోకే పోయాయి. ఆ యాప్ అడుగున చీమంత అక్షరాల్లో ‘బాధ్యతగా ఆడండి’ అని ఉండేది. సారా సీసా మీద ‘మెల్లగా మింగండి’ అని రాసినట్టు.

పాషా కూడా అదే సలహా ఇచ్చాడు. “హద్దు పెట్టుకో హరిలాల్. రోజుకొక్కటి, గంతే.”

మామ పెట్టుకున్నాడు. ఆ హద్దు మీద తను నిలబడతాడా లేదా అని వెనక ట్రాక్టర్ తోలే మా తండా కోటేష్‌తో పందెం కట్టాడు. నిలబడతాననే వైపు వేసి ఓడిపోయాడు.

ఇంతలో తీజ్ వచ్చింది. శ్రావణంలో మా తండా పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో మట్టి పోసి, గోధుమలు చల్లి, తండా పెద్ద నాయక్ ఇంటి ముందు మంచె మీద వరసగా పెడతారు. రోజూ పాటలు పాడుతూ నీళ్లు పోస్తారు. మొలక ఏపుగా వస్తే మంచి మొగుడు వస్తాడని పెద్దల మాట. సంగీతకు మొగుడి మీద ఆత్రం లేదు. మెడికల్ షాపులో ఉద్యోగం, తన జీతంతో కొనుక్కున్న స్కూటీ, అవి చాలు. కానీ బుట్ట అంటే మాత్రం ప్రాణం.

క్యూలో మామ నోరు ఊరుకోలేదు. “ఈసారి మా సంగీత బుట్టే అన్నిట్ల ఎత్తు లేస్తది.”

“నా బిడ్డ బుట్ట చూసినవా అన్నా? ఏం కడ్తవ్?” అన్నాడు కోటేష్.

మామ జేబులు తడుముకున్నాడు. కట్టడానికి ఏమీ మిగల్లేదు. “స్కూటీ,” అన్నాడు.

“అది సంగీతది గదా.”

“నా బిడ్డదంటే నాది కాదా ఏంది?”

ఎదిగే మొక్క మీద పందెం కాసిన పామాయిల్ మనిషి చేతులు కట్టుకుని కూర్చోలేడు. తోటలో చెట్టు ఎదగకపోతే ఏం చేస్తాడో ఇక్కడా అదే చేశాడు. సంగీత మంచె దగ్గర బిందె దించి జడ వేసుకుంటుంటే, అందులో గుప్పెడు యూరియా పోసి కలిపాడు. సరిపోతుందో లేదోనని ఇంకో గుప్పెడు.

పక్క బుట్టలన్నీ పచ్చగా నిక్కాయి. సంగీత బుట్టకు కామెర్లు పట్టాయి. మొలకలు మాడి, వాలిపోయాయి. పిల్లకేదో దోషముందని గుసగుసలు మొదలయ్యాయి. సంగీత ఏం తప్పు చేశానా అని బుట్ట ముందు నుంచి కదల్లేదు.

తండాలో అందరికన్నా పెద్దది పూలి అవ్వ. ఆమె వంగి, బిందె పెట్టే చోట రాలిన తెల్లటి గుండ్లు ఏరి చూసింది. “ఎవలో ఉప్పు పోసిండ్రు. ఎవల కడుపుమంటనో,” అంటూ కోటేష్ పెళ్లాం వైపు చూసింది.

తప్పుగా చెబితే మామ ఆగలేడు. “ఉప్పు కాదవ్వ. యూరియా.”

తండా మొత్తం అతని వైపు తిరిగింది. స్కూటీ పందెం సంగతి కూడా బయటికొచ్చింది.

సంగీత ఏడవలేదు. ఇంట్లోకి వెళ్లి తాళంచెవి తెచ్చి కోటేష్ చేతిలో పెట్టింది. “తీస్కో బాబాయ్.”

“వద్దు బిడ్డా, నవ్వులాటకు కట్టినం.”

“నీకు నవ్వులాట. ఈయనకు కాదు. ఈయన దవాఖానాకు పోయి, బాగైండని డాక్టర్ చెప్పేదాక నీ కొట్టంలనే ఉండాలె. మధ్యల ఇచ్చినవనుకో, నీ మీద గూడ యూరియా పోస్త.”

చివరి రోజు మొలకలు తెంపి పెద్దల తలపాగాల్లో గుచ్చడం ఆచారం. అందరి తలల్లో పచ్చటి మొలకలు. మామ తలపాగాలో సంగీత మాడిన పసుపు పోచ గుచ్చింది. “తియ్యకు బాపు,” అంది. మామ తియ్యలేదు.

మరునాడు తనే తండ్రికి ఫోన్ కలిపి ఇచ్చింది. 14416, మనసు బాగాలేనివాళ్ల కోసం సర్కారు పెట్టిన ఆ నంబరు మెడికల్ షాపు గోడ మీద పోస్టర్‌లో రోజూ చూసేదే. మామ ముందుగా అడిగింది ఎంతవుతుందని. పైసా తీసుకోరని విని అనుమానపడ్డాడు. అవతలి అమ్మాయి ఓపికగా విని, మానసిక డాక్టర్ను కలవమంది. కొత్తగూడేనికి మామా నేనూ నా బండి మీదే వెళ్లాం.

“పిచ్చోళ్ల డాక్టరారా?”

“అవ్ మామా. అందుకే నిన్ను తీస్కపోతున్న.”

డాక్టరమ్మ సూటి మనిషి. “మీకు హద్దులు పనిచేయవు. మొత్తం మానేయాలి. ఫోన్, జీతం మీ ఆవిడ చేతిలో ఉండాలి. చాయ్ పందెం కూడా వద్దు.”

“చాయ్ గూడనా?”

“చాయ్ తాగండి. పందెం వద్దు. ఇది బుద్ధి తక్కువ కాదు, జబ్బు.”

తిరిగొస్తుంటే మామ వెనక నుంచి నా భుజం తట్టాడు. “జబ్బంటరా. ఇన్నేండ్లు అదృష్టం లేదనుకున్న,” అన్నాడు.

మధ్యలో ఒకసారి గేటు కుక్క మీద చాయ్ పందెం కట్టి జారాడు. ఆ సంగతి తనే వెళ్లి డాక్టరమ్మకు చెప్పుకున్నాడు. ఆమె తిట్టలేదు, మళ్లీ మొదలుపెడదామంది. సంగీత షేర్ ఆటోలో ఇరుక్కుని పనికి పోతోంది. మామ పొద్దున్నే కోటేష్ కొట్టానికి వెళ్లి స్కూటీ దుమ్ము తుడిచి వస్తాడు.

నిన్న క్యూలో ఉండగా మబ్బు కమ్మింది. “వస్తదా, రాదా?” అన్నాడెవరో. అందరూ మామ వైపే చూశారు. మామ ఆకాశం చూశాడు. దవడ కదిలింది. తువాల విప్పి మళ్లీ తలకు చుట్టుకున్నాడు.

“వస్తే తడుస్తం,” అని కోటేష్ వైపు తిరిగాడు. “మీ కొట్టం కారుతది గదా. స్కూటీ మీద పట్టా కప్పినవా లేదా?”

కోటేష్ ఇంటికి ఫోన్ చేశాడు.